రాజర్షి మార్కస్ అరీలియస్

రాజ్యమేలుచు, భోగముల నడుమ నుండియు, వానికి వశుడు కాక ఋషివలె బ్రదికిన రాజును మన పెద్దలు రాజర్షి యని పిలిచిరి. ఆ మాట వినగానే మిథిలానగరమును పాలించిన జనకుడు మనకు జ్ఞప్తికి వచ్చును. మన దేశమున శాతవాహనులు రాజ్యము చేయుచుండిన క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, సముద్రముల కావల రోము నగరమున, ఆ పేరునకు తగిన చక్రవర్తి యొకడు సింహాసనము నధిష్ఠించెను. అతడే మార్కస్ అరీలియస్.

లోకము అతనిని స్మరించుచున్నది అతడు గెలిచిన యుద్ధములవలన కాదు. అంతకంటె గొప్ప విజయములు పొందిన రోమను చక్రవర్తులు పలువురు కలరు. అతడు తీరిక దొరకినప్పుడు తనకొఱకు తాను వ్రాసికొనిన చిన్న పుస్తక మొకటి కలదు. దానిని ఇతరులకు చూపదలచి అతడు వ్రాయలేదు. తన తప్పులను తానే దిద్దుకొనుటకై వ్రాసికొనెను. ఆ పుస్తకము పదునెనిమిది వందల యేండ్లకు పైగా నిలిచి, నేటికిని దేశదేశముల పాఠకులకు ధైర్యము చెప్పుచున్నది.

మార్కస్ క్రీ. శ. 121వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన రోము నగరమున జన్మించెను. అతడు పసివాడై యుండగనే తండ్రి మరణించెను. అందుచేత బాలుడు తాతగారి సంరక్షణలో పెరిగెను. తల్లి డొమీషియా లూసిల్లా గొప్ప సంపన్నురాలు. ఆమెకు ఇటుకలు, పెంకులు కాల్చు కర్మాగారములు కలవు. అంతటి సంపద కలిగియు ఆమె ఆడంబరము లేక జీవించెను. చెడుపని చేయకుండుట మాత్రమే చాలదనియు, చెడుతలంపును సైతము దరిజేరనీయరాదనియు కుమారునకు తన నడవడిచేతనే నేర్పెను.

వారి యింటిపేరు వీరస్. లాటిను భాషలో ఆ మాటకు సత్యమైనవాడని అర్థము. నాటి చక్రవర్తియైన హేడ్రియన్ ఆ బాలుని మాటతీరును నడవడిని చూచి మెచ్చెను. అతని పేరును కొంచెము మార్చి, మిక్కిలి సత్యవంతుడను అర్థము వచ్చునట్లు ముద్దుగా పిలుచుచుండెను. రాజసభలలో ముఖస్తుతులకు కొదువ యుండదు. సత్యము పలుకువారు మాత్రము అరుదు. అందుచేతనే కాబోలు, ఆ వృద్ధ చక్రవర్తి చూపు ఆ బాలునిపై నిలిచెను.

పండ్రెండవ యేటనే మార్కస్ గ్రీకు తత్త్వవేత్తలవలె ముతక కంబళి ధరించి, కటికనేలపై నిద్రింపసాగెను. ఆరోగ్యము చెడునని తల్లి భయపడి బ్రతిమాలగా, తోళ్లు పఱచిన చిన్న మంచముపై పరుండుటకు తుద కెట్లో అంగీకరించెను. ఈ కథ వినినప్పుడు మనకు నవ్వు రావచ్చును. పెద్దలవలె వేషము వేసికొని యాడుట పిల్లలకు సహజము. ఆ వేషము నాలుగు దినములలో వారికి విసుగు పుట్టును. మార్కస్ మాత్రము తాను కోరుకొనిన ఆ మార్గమును జీవితాంతము విడువలేదు.

హేడ్రియన్‌కు సంతానము లేదు. 138వ సంవత్సరమున ఆయన మార్కస్ మేనత్త భర్తయైన ఆంటోనినస్‌ను దత్తత గైకొని, తన పిదప చక్రవర్తిగా నిర్ణయించెను. ఆంటోనినస్ తిరిగి మార్కస్‌ను, లూషియస్ అను మఱొక బాలుని దత్తత చేసికొనవలెనని నియమము పెట్టెను. అప్పటికి మార్కస్‌కు పదునేడవ యేడు నడచుచుండెను. అంత గొప్ప సామ్రాజ్యము తనకు రానున్నదని విని అతడు సంతోషింపలేదు, విచారించెను. తల్లియొక్క తోటలను విడిచి మనసు లేకయే రాజభవనమునకు వెడలెను. కారణ మడిగిన యింటివారికి రాజపదవిలో ఎన్ని కీడులు పొంచియున్నవో అతడు ఏకరువు పెట్టెనని చరిత్రకారులు వ్రాసిరి.

రాజకుమారునకు విద్య గఱపుటకు పేరుగాంచిన గురువులు వచ్చిరి. వారిలో ఫ్రాంటో యనునతడు ఆఫ్రికా ఖండపు ఉత్తరభాగమున పుట్టిన మహావక్త. అతడును మార్కస్‌ను ప్రేమతో వ్రాసికొనిన లేఖలు పెక్కు 19వ శతాబ్దమున వెలుగులోనికి వచ్చినవి. శిష్యుడు వాక్చాతుర్యమున తనంతవాడు కావలెనని ఫ్రాంటో కోరిక. కాని మార్కస్‌కు చక్కగా మాటలాడుటకంటె చక్కగా జీవించుటయే ముఖ్యమని తోచెను.

అతని మనస్సునకు దారి చూపినవాడు రస్టికస్ అను మఱొక గురువు. ఆయన శిష్యుడు రాజకుమారుడని సంకోచింపక తప్పులను సూటిగా ఎత్తి చూపెడివాడు. మార్కస్‌కు ఆయనపై పలుమారులు కోపము వచ్చెను. అయినను తరువాత పశ్చాత్తాపపడదగిన పని యేదియు ఆ కోపమున తాను చేయలేదని, పెద్దవాడైన పిదప అతడు తృప్తితో తలచుకొనెను. రస్టికస్ తనయొద్దనున్న యొక గ్రంథమును శిష్యునకు చదువ నిచ్చెను. అది ఎపిక్టీటస్ బోధనల సంగ్రహము. ఎపిక్టీటస్ పుట్టుకచేత బానిస, కాలు కుంటివాడు, స్వేచ్ఛ లభించిన పిదప తత్త్వము బోధించి కీర్తి గాంచినవాడు. ఒకప్పటి బానిస చెప్పిన మాటలు కాబోవు చక్రవర్తికి మార్గదర్శకము లయ్యెను. జ్ఞానమునకు కులము, ధనము, పదవి అడ్డు రావనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట కష్టము.

ఎపిక్టీటస్ అనుసరించిన మార్గమునకు స్టోయిక్ మతమని పేరు. మన చేతిలో ఉన్న వేవియో, లేనివేవియో తెలిసికొనుట ఆ మతమున మొదటి పాఠము. రోగము వచ్చుట, ధనము పోవుట, ఇతరులు పొగడుట, తెగడుట మన చేతిలో లేవు. వానిని మన మెట్లు స్వీకరింతుమో, వాని నడుమ మన మెట్లు నడచుకొందుమో అది మాత్రము మన చేతిలో ఉన్నది. వివేకము, న్యాయము, ధైర్యము, నిగ్రహము అను నాలుగు గుణములే మనుష్యునకు నిజమైన సంపద. మిగిలిన వన్నియు వచ్చి పోవునవి. గీతలో వర్ణింపబడిన స్థితప్రజ్ఞుని యెఱిగిన మనకు ఈ బోధ అంత క్రొత్తగా తోపదు.

గ్రంథములు చెప్పిన దానిని ఆచరణలో చూపినవాడు ఆంటోనినస్. ఆయన 23 సంవత్సరములు రాజ్యమేలెను. ఆ కాలమంతయు మార్కస్ ఆయన ప్రక్కనే యుండి పాలనావిధానమును నేర్చుకొనెను. 145వ సంవత్సరమున ఆయన కుమార్తెయైన ఫాస్టీనాను వివాహమాడెను. ఒకప్పుడు తన్ను పెంచి విద్య నేర్పిన యొక పెద్ద మరణింపగా మార్కస్ కన్నీరు కార్చెను. రాజకుమారుడు ఏడ్చుట తగదని కొలువువారు వారింపబోయిరి. ఆంటోనినస్ వారిని ఆపి, అతనిని మనుష్యునిగా ఉండనిండనియు, తత్త్వము గాని రాజ్యము గాని మనుష్యుని ప్రేమను తుడిచివేయవనియు చెప్పెను. మనస్సును నిగ్రహించుట యనగా మనస్సును రాయిగా చేసికొనుట కాదని మార్కస్ ఆనాడు నేర్చెను. 161వ సంవత్సరమున మరణశయ్యపైనున్న ఆంటోనినస్, ఆ రాత్రి కావలివారికి సంకేతపదమేమని అధికారి అడుగగా, సమచిత్తత యను నర్థమిచ్చు మాట నొసగి కన్ను మూసెను.

మార్కస్ చక్రవర్తి యయ్యెను. అతడు చేసిన మొదటి కార్యము ఎల్లరకును ఆశ్చర్యము కలిగించెను. తనతోపాటు దత్తత వచ్చిన లూషియస్‌ను కూడ చక్రవర్తిగా ప్రకటింపవలెనని పట్టుబట్టి, అధికారమును సగము పంచియిచ్చెను. సింహాసనముకొఱకు అన్నదమ్ములు ఒండొరులను చంపుకొనిన కథలు చరిత్రలో కోకొల్లలు. ఒకే సమయమున ఇరువురు చక్రవర్తులు సమానులుగా రోము నేలుట అదియే ప్రథమము.

పదవి వచ్చినదో లేదో, కష్టములు వరుసగా వచ్చి పడినవి. టైబర్ నది పొంగి రోము నగరమును ముంచివేసెను. పంటలు, పశువులు నశించి కఱవు వచ్చెను. తూర్పున పార్థియనులు దండెత్తిరి. ఆ యుద్ధము 166వ సంవత్సరమున విజయముతో ముగిసెను. కాని మరలివచ్చిన సైనికులతో ఘోరమైన అంటువ్యాధి యొకటి సామ్రాజ్యమున ప్రవేశించెను. అది మశూచి యైయుండునని నేటి పండితులు పెక్కురు తలంచుచున్నారు. లక్షలాది జనులు మరణించిరి. గేలెన్ అను మహావైద్యుడు ఆ వ్యాధి లక్షణములను వ్రాసి యుంచెనే గాని, దానిని మాన్పు మందు అప్పటికి లేదు.

మార్కస్ యింటను దుఃఖమునకు కొదువ లేదు. ఫాస్టీనాకు పదుముగ్గురకు తక్కువ కాకుండ బిడ్డలు కలిగిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది చిన్నతనముననే చనిపోయిరి. అతని దేహము కూడ బలహీనమైనది. ఛాతినొప్పి, కడుపునొప్పి అతనిని తఱచుగా బాధించుచుండెను. ఇట్టి స్థితిలో ఉండియు అతడు కర్తవ్యమును ఏమఱలేదు. న్యాయస్థానమున ఒక్కొక్క వ్యాజ్యమును పదునొకండు, పండ్రెండు దినములు విచారించుటయు, ఒక్కొక్కమారు రాత్రులయందు కూడ కూర్చుండుటయు కలదు. రోము ప్రజలకు వేడుకలయందు మక్కువ ఎక్కువ. చక్రవర్తి ఆ వేడుకలకు రాకుండుట ఆచారము కాదు. మార్కస్ అచ్చట కూర్చుండి రాజ్యపత్రములు చదువుచు, సంతకములు చేయుచు నుండగా జనులు అతనిని ఎగతాళి చేసిరి. అతడు వారిని దండింపలేదు; తన పనిని మానలేదు.

మనుష్యులు ఒండొరులను పొడిచికొని చచ్చుటను వేడుకగా చూచు ఆ కాలమున, పోటీదారులు మొక్కవోయిన కత్తులతోనే పోరాడవలెనని అతడు విధించెను. ఒకనాడు త్రాటిపై నడచు బాలుడొకడు జాఱి క్రిందపడెను. అది మొదలు త్రాటిపై నడచువారి క్రింద మెత్తని పఱుపులు వేయవలెనని ఆజ్ఞాపించెను. తరువాతి కాలమున వాని స్థానమున వలలు కట్టిరి. విశాల సామ్రాజ్యపు చింతలలో మునిగియున్న చక్రవర్తికి పేరులేని యొక బాలుని గాయము చిన్న విషయముగా తోచలేదు.

ఇంతలో ఉత్తరదిక్కున డాన్యూబు నది కావలనుండు మార్కోమాన్నీ, క్వాడీ మొదలగు జాతులు రోము సరిహద్దులపై విరుచుకొనిపడిరి. సైన్యమును వ్యాధి క్షీణింపజేసెను, బొక్కసము వట్టిపోయెను. క్రొత్తపన్నులు వేసినచో అప్పటికే నలిగియున్న ప్రజలు మఱింత నలిగిపోవుదురు. మార్కస్ బాగుగా ఆలోచించి, తన భవనమునందలి బంగారుపాత్రలను, స్ఫటికపు గిన్నెలను, రత్నములను, భార్యయొక్క జరీ పట్టువస్త్రములను కూడ ట్రాజన్ చక్రవర్తి పేరిటనున్న బహిరంగస్థలమున వేలము వేయించెను. ఆ వేలము రెండు మాసములు సాగెను. యుద్ధము కొంత సద్దుమణిగిన పిదప, కొనినవారు ఇష్టపడినచో వస్తువులు తిరిగి యిచ్చి వెల పుచ్చుకొనవచ్చునని ప్రకటించెను. తిరిగి యీయనివారిని బలవంతపెట్టలేదు.

169వ సంవత్సరమున లూషియస్ మరణింపగా రాజ్యభారమంతయు మార్కస్ మీదనే పడెను. పుస్తకములను, ప్రశాంతతను ప్రేమించిన ఆ మనుష్యుడు తన శేషజీవితమున అధికభాగమును మంచు, బురద, మృత్యువుల నడుమ సైనికశిబిరములలో గడపవలసి వచ్చెను. ఆ శిబిరములలోనే అతడు గ్రీకుభాషలో తన తలంపులను వ్రాసికొనెను. ఒక భాగమును క్వాడీల దేశమున వ్రాసినట్లును, మఱియొక భాగమును నేటి ఆస్ట్రియాలోని కార్నంటము అను శిబిరమున వ్రాసినట్లును ఆ పుస్తకముననే కలదు. దానికి అతడు పేరు పెట్టినట్లు కానరాదు. తనకు తాను అను అర్థమిచ్చు పేరు తరువాతివారు పెట్టినది. అందు 12 భాగములు కలవు.

మొదటి భాగము కృతజ్ఞతల పట్టిక. తాతనుండి, తల్లినుండి, గురువులనుండి, ఆంటోనినస్‌నుండి తాను ఏయే మంచిగుణమును పొందెనో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి అతడు వ్రాసికొనెను. లోకమంతయు తనకు ఋణపడియున్నదని చక్రవర్తులు తలంచెడి కాలమున, తానెవరికి ఎంత ఋణపడియుండెనో ఈ చక్రవర్తి లెక్క చూచుకొనెను.

తరువాతి భాగములలో అతడు తనతో తాను మాటలాడుకొనుచు కనబడును. చలికాలమున తెల్లవాఱుజామున పడక విడుచుటకు బద్ధకించుట పిల్లలకే కాదు, చక్రవర్తికిని కలదు. చీమలు, తేనెటీగలు తమతమ పనులకు పూనుకొనుచుండగా తానొక్కడు కంబళి క్రింద వెచ్చగా ముడుచుకొని యుండుట న్యాయమా యని అతడు తన్ను మందలించుకొనెను. రాజులు ధరించు ఊదారంగు వస్త్రమును చూచి గర్వము కలుగబోగా, అది గొఱ్ఱె ఉన్నికి నత్తగుల్ల రంగు అద్దిన వస్త్రము మాత్రమే యని జ్ఞప్తి చేసికొనెను. ఉదయము లేవగానే, నేడు కృతఘ్నులును అసూయాపరులును తన కెదురుపడుదురని ముందే తలచుకొని, వారు మంచిచెడుల నెఱుగక అట్లు చేయుచున్నారని సమాధానపడెను. మనుష్యులందఱు రెండు చేతులవలె ఒకరికొకరు తోడ్పడుటకే పుట్టిరని అతని నమ్మకము. కీడు చేసినవానికి మనము చేయదగిన మేలైన ప్రతీకారము వానివలె మారకుండుటయే యని అతడు నిశ్చయించుకొనెను. దారికి అడ్డువచ్చిన కష్టమునే దారిగా మార్చుకొనవలెననియు, ప్రతిదినమును కడపటి దినమువలె, తొందర గాని సోమరితనము గాని లేక గడపవలెననియు తనకు తాను బోధించుకొనెను.

ఆ పుస్తకమును శ్రద్ధతో చదువువారికి ఒక సంగతి స్పష్టపడును. ఒకే విషయము అందు పదేపదే వచ్చుచుండును. కోపమును గూర్చి, కీర్తికాంక్షను గూర్చి, మరణభయమును గూర్చి అతడు ఎన్నిమారులో వ్రాసికొనెను. బాగుగా వచ్చిన పాఠమును ఎవ్వరును మరల మరల వల్లింపరు. అతడు కోపమును జయించినవాడై ఆ మాటలు వ్రాయలేదు; ఆ దినము కోపము వచ్చినందుననే వ్రాసెను. లోకమునకు గురువుగా నిలువక, తనకు తానే గురువును, శిష్యుడును అయ్యెను. మంచితనమును ఒకమారు సంపాదించి పెట్టెలో దాచుకొన వీలు లేదు. ఇంటిముంగిలివలె దానిని ప్రతిదినము ఊడ్చి శుభ్రపఱచుకొనవలెను. మార్కస్ జీవితమంతయు ఆ పనియే చేసెను.

అతడు తనకు చెప్పుకొనిన మాటలు వ్రాతకే పరిమితమైనవా యను పరీక్ష 175వ సంవత్సరమున వచ్చెను. సిరియా మొదలగు తూర్పుదేశముల కధిపతిగా నుండిన అవిడియస్ కాసియస్ అను సేనాని, మార్కస్ మరణించెనను తప్పుడువార్త విని, తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. వార్త అబద్ధమని తెలిసిన పిదపను వెనుదీయలేదు. మార్కస్ సైన్యముతో బయలుదేఱుటకు సిద్ధమయ్యెను. కాని తన్ను ద్రోహము చేసిన మిత్రుని క్షమించు అవకాశము దొరకవలెనని కోరుకొనెను. మూడు మాసములు గడచునప్పటికి కాసియస్‌ను అతని సైనికాధికారులే చంపి, తల నఱికి చక్రవర్తికి పంపిరి. మార్కస్ ఆ తలను చూడ నొల్లక పూడ్చిపెట్టించెను. కుట్రలో పాల్గొనినవారి పేర్లు తెలిసినచో వారిని ద్వేషింపవలసివచ్చునని, కాసియస్ లేఖలను చదువకయే తగులబెట్టించెనని చరిత్రకారులు వ్రాసిరి. కుట్రతో సంబంధముండిన సభాసదుల నెవ్వరిని చంపవలదని రోము పెద్దలసభను వేడుకొనెను. పగ తీర్చుకొను శక్తి లేనివాడు ఓర్చుకొనుట గొప్ప కాదు. సర్వాధికారము చేతనుండగా ఓర్చుకొనుట గొప్ప.

ఆ తూర్పుప్రయాణముననే ఫాస్టీనా మరణించెను. తిరుగుదారిలో 176వ సంవత్సరమున మార్కస్ ఏథెన్సు నగరమునకు పోయి, తత్త్వము బోధించు ఆచార్యులకు బొక్కసమునుండి జీతము లేర్పఱచెను. తాను స్టోయిక్ మతస్థుడయ్యును, ప్లేటో, అరిస్టాటిల్, ఎపిక్యూరస్ అను మువ్వురి మార్గములను బోధించువారికి కూడ సమానముగా ఆ గౌరవము కలిగించెను. తాను నమ్మని సిద్ధాంతము సైతము నిలిచి తన వాదమును వినిపింపవలెనని తలచుట విశాలహృదయునకే సాధ్యము.

ఇట్టి మహానుభావునియందు లోపములు లేవని చెప్పినచో అది సత్యము కాదు. సత్యవంతుడని పేరుపడినవానికి అది తగిన గౌరవమును కాదు. 177వ సంవత్సరమున, నేడు ఫ్రాన్సులోనున్న లయాన్ నగరమున క్రైస్తవులు వారి విశ్వాసముకొఱకు ఘోరహింసల పాలైరి. చక్రవర్తి వారిని కాపాడలేదు. బానిసలు స్వేచ్ఛ పొందుటకు అనుకూలముగా అతడు తీర్పులు చెప్పెను గాని, బానిసత్వమే తప్పని తలంపలేదు. బానిసగా పుట్టిన ఎపిక్టీటస్‌ను గురువుగా తలంచినవాడు కూడ తన కాలపు చీకటిని పూర్తిగా దాటలేకపోయెను.

అతనికి ముందు నలువురు చక్రవర్తులు కన్నకొడుకులు లేనందున యోగ్యులను వెదకి దత్తత చేసికొని రాజ్యమిచ్చిరి. మార్కస్‌కు కొడుకు కలడు. 177వ సంవత్సరమున ఆ కొడుకైన కామొడస్‌ను అతడు తనతోపాటు చక్రవర్తిగా చేసెను. మేటి గురువులను నియమించి చదువు చెప్పించినను, కామొడస్‌కు తండ్రి గుణములు రాలేదు. తండ్రి పిదప అతడు క్రూరుడై, భోగలాలసుడై, పోటీదారులతో కలిసి జనుల యెదుట కత్తిసాము చేసి, తుదకు 192వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన హత్య చేయబడెను. సింహాసనమును కొడుకున కీయవచ్చును గాని సద్గుణమును ఈయజాలరు. ఎవరి మనస్సును వారే దిద్దుకొనవలెను.

180వ సంవత్సరమున డాన్యూబు తీరప్రాంతపు శిబిరమున మార్కస్ జబ్బుపడెను. మిత్రులు దుఃఖింపగా, తనకొఱకు ఏడ్చుటకంటె వ్యాధిచే చచ్చుచున్న జనులను గూర్చియు, ఎల్లరకు తప్పని మరణమును గూర్చియు ఆలోచింపుడని చెప్పెను. కడపటి దినమున కుమారుని పిలిపించి చూచి, వ్యాధి సోకునేమో యని వెంటనే పంపివేసెను. పిదప నిద్రించువానివలె ముసుగు వేసికొని, మార్చి 17వ తేదీన మరణించెను. అతనికి అప్పటికి 58 ఏండ్లు. అతడు మరణించిన చోటు నేటి వియన్నా యని కొందఱును, సిర్మియము అని కొందఱును చెప్పుదురు.

అతని కంచువిగ్రహ మొకటి రోము నగరమున నేటికిని కలదు. గుఱ్ఱముపై కూర్చుండి, కుడిచేయి చాచియున్న ఆ విగ్రహమును మధ్యయుగముల జనులు క్రైస్తవ చక్రవర్తియైన కాన్‌స్టంటైన్‌దని పొరబడి కరగింపక విడిచిరి. ఇప్పుడు దానిని వస్తుప్రదర్శనశాలలో భద్రపఱచి, బయట దాని ప్రతిరూపమును నిలిపిరి. విగ్రహము పొరబాటుచేత మిగిలెను. పుస్తకము పాఠకుల ప్రేమచేత మిగిలెను. చేతివ్రాతలలో శతాబ్దములు దాగియుండిన ఆ గ్రంథము 1559వ సంవత్సరమున జూరిచ్ నగరమున మొదట అచ్చుపడెను. అటు పిమ్మట పెక్కుభాషలలోనికి పరివర్తన మొందెను.

మార్కస్ రక్షించిన సరిహద్దులు చెరగిపోయినవి. అతడేలిన సామ్రాజ్యము అంతరించినది. రాత్రివేళ దీపము ముందు కూర్చుండి, ఆ దినము తానెచ్చట తప్పెనో, మఱునా డెట్లు నడువవలెనో తన్ను తాను ప్రశ్నించుకొనిన మనుష్యుడు మాత్రము నిలిచియున్నాడు. ఆ ప్రశ్న వేసికొనుటకు రాజ్యము అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. నిద్రించుటకు ముందు కొన్ని నిమిషములును, తన తప్పును తాను ఒప్పుకొను ధైర్యమును చాలును. అట్టి ధైర్యము కలవారు ఏ దేశమున, ఏ యింట పుట్టినను, తమ మనోరాజ్యమునకు తామే రాజర్షులు.